తొలి గుక్క

మింగేసింది. గొంతు దిగింది, రొమ్ము వెనకనించి జారింది, ఇప్పుడు పొట్టలో ఎక్కడో చల్లగా కూర్చుంది. సొరబుర్రను బోర్లించి పట్టుకుంది బిబియానా, ఒక్క చుక్క మిగలలేదని అందరికీ కనబడేలా. అంచున వేలాడిన నురగను కూడా నాలుకతో తీసుకుంది. అది చూసి జియెమ్ తాత తల ఊపాడు. పందిరి నీడ ఎక్కడ ఆగిందో అక్కడ చేతికర్రతో నేలమీద గీత గీశాడు, ఆ గీత నించి వాకిట్లో పడున్న విసుర్రాయి దాకా కర్ర చాపి, "నీడ ఆ రాయిని తాకేదాకా కూర్చుందాం. అప్పటికి మనిషి మనిషిలాగే ఉంటే అందరం తాగుదాం," అన్నాడు. లేకపోతే ఏం చేద్దామో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. పోయిన సంతరోజు ఇదే పందిట్లో, అదిగో ఆ దుంగ మీద కూర్చుని, బాయువో పొద్దుణ్ణించి పొద్దుగుంకేదాకా ఆమె వండిన జొన్నకల్లు తాగాడు, ఇంటికి వెళ్ళి పొట్ట పట్టుకుని పడుకున్నాడు, కోడి కూసేసరికి లేడు. బిబియానా కల్లు వల్లే పోయాడని ఎవరూ అనలేదు. కానీ ఇవాళ సంతకొచ్చినవాళ్ళంతా ఎవరి సొరబుర్ర వాళ్ళు ఒళ్ళో బోర్లించుకుని కూర్చున్నారు, ఒక్కరూ చాపలేదు. ముందు నువ్వు తాగు అన్నారు. తాగింది.

ఇప్పుడిక చేసేదేం లేదు, కూర్చోవడమే. కాగు పక్కన పొట్టి పీట మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అందరికీ ఎదురుగా. ఇంతమంది ఒక్కసారిగా తనని చూడటం పెళ్ళినాటి తర్వాత ఇదే. ఆనాడు తలొంచుకుంటే సరిపోయింది, ఇవాళ తలొంచుకుంటే ఏదో అవుతోందనుకుంటారు. తలెత్తి ఉంచాలి. కళ్ళు ఎక్కడ పెట్టాలి? నీడ గీత మీద పెట్టింది. పొట్ట లోపల చెవి పెట్టి వింటోంది. చల్లగా ఉంది, కొంచెం కదిలింది, అది ఆకలి, పొద్దున ఏమీ తినలేదు. అలసందల వడలు అమ్మే పిల్ల వచ్చి అడిగినా వద్దంది, ఖాళీ కడుపున అయితేనే నిజం తెలుస్తుందనుకుంది. నాలుక వెనకాల ఏదైనా ఉందా? పులుపు ఉంది, తీపి ఉంది, పొగ వాసన ఉంది, అన్నీ ఉండాల్సినవే. వాటి కింద ఇంకొకటేమైనా? సబ్బు తగిలినట్టు, ఇనుము తగిలినట్టు? ఉందనుకుంటే ఉంది. లేదనుకుంటే లేదు. చీకట్లో తాళం తడుముకున్నట్టు నాలుకను నోట్లో నాలుగు మూలలా తిప్పింది. "చూడండ్రా, నమిలి మింగుతోంది," అన్నాడు వెనక వరసలో కుర్రాడెవడో. ఎవరో కిసుక్కుమన్నారు. "తాతా, నీ గీత కాస్త ఇటు జరపరాదూ, గొంతు ఎండిపోయి చస్తున్నాం." "చావడానికే అంత తొందరైతే ఇప్పుడే తాగరా, నేనడ్డమా?" అన్నాడు జియెమ్ తాత, నవ్వకుండా. కుర్రాడు బుర్రను మళ్ళీ ఒళ్ళో బోర్లించుకున్నాడు.

అత్త అయితే ఈ వరసను చూసి ఏమనేది? ఏమీ అనేది కాదు, కాగు మూత తీసి మూతి పెట్టి వాసన చూసేది. ఆ ముసలిదానికి ముక్కే అన్నీ. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో బిబియానాను పక్కన కూర్చోబెట్టుకుని ఎర్రజొన్నలు నానబెట్టడం నేర్పింది, ఆకులు కప్పి మొలకలు రప్పించడం, మొలక పొడవు చూపుడు వేలి గోరు దాటకుండా ఎండలో వేయడం, దంచిన పిండిని నీళ్ళలో కలిపి బెండ కాడల జిగురు వేసి తేర్చడం, తేరిన నీళ్ళను పులియనిచ్చి మర్నాడంతా పొయ్యి మీద మరిగించడం. చల్లారాక కాగులో నార తాడు వేలాడదీసేది అత్త, కిందటిసారి మడ్డి ఎండి గట్టిపడ్డ తాడు, అది తగలగానే కల్లు నిద్రలేచినట్టు బుసబుసమనేది. ఆ తాడు అత్తకు ఆమె అత్త ఇచ్చింది. ఇప్పుడు బిబియానా దగ్గరుంది, ఆ మూల గుంజకు వేలాడుతోంది. తాడుకేం తెలుసు, ఏ కాగులో దింపితే ఆ కాగును లేపుతుంది. ఇవన్నీ నేర్పాక అత్త ఆఖరున చెప్పింది, ముందు నువ్వు తాగాలి. పోసే ప్రతి కొత్త కాగులోంచీ ముందు నువ్వు, వాళ్ళ కళ్ళెదురుగా, ఒక చుక్క నేలతల్లికి వంచి, ఒక గుక్క నువ్వు మింగి, అప్పుడు వాళ్ళకి. ఎందుకత్తా అనడిగితే ముసలిది పళ్ళులేని నోటితో నవ్వి, "ఎందుకేంటే, నీ చేతి తిండి నువ్వు తినకపోతే కుక్క కూడా అనుమానిస్తుంది," అంది.

పొట్టలో ఏదో మెలి తిరిగింది. కాదు, పీట అంచు తొడకు నొక్కుకుంటోంది. కొంచెం జరిగి కూర్చుంది, జరగ్గానే దుంగల మీద తలలన్నీ ఆమెతో పాటు జరిగాయి. నీడ ఇంకా గీత నించి చెయ్యెడు దూరం కూడా పోలేదు. పందిరి పైన తెల్లటి చెక్క బోర్డు కనబడుతోంది ఇక్కణ్ణించి, వెనకవైపు. ముందువైపు ఏముందో అందరికీ నోటికొచ్చు. బిబియానా కల్లు, తాగినవాడు మళ్ళీ వస్తాడు. ఎర్ర అక్షరాలు, పక్కన నురగ పొంగుతున్న సొరబుర్ర బొమ్మ. చర్చి హాల్లో ఆడవాళ్ళకు వ్యాపారం నేర్పడానికి రాజధాని నించి ఒకామె వచ్చినప్పుడు బిబియానా అందరికన్నా ముందు వరసలో కూర్చుంది. నీకు పేరుండాలి, పేరుకు బోర్డుండాలి, వచ్చినవాడు మళ్ళీ రావడానికి ఒక కారణముండాలి, అని చెప్పింది ఆమె. ఇంట్లో మగాడు దక్షిణాన పెండలం తోటల్లో కూలికెళ్ళి అక్కడే ఇంకో పొయ్యి పెట్టుకున్నాడు, కాబట్టి బిబియానాకు ఆ మాటలు చెవిలో కాదు, కడుపులో పడ్డాయి. అప్పటిదాకా ఈ ఊళ్ళో కల్లు వండే ఆడవాళ్ళకు వంతులుండేవి, ఈ సంతకు ఒకరు, వచ్చే సంతకు ఒకరు. వంతు లేనప్పుడు వంతున్నదాని పందిట్లో కూర్చుని తాగాలి, అది మర్యాద. బిబియానా తన వంతు కాకపోయినా వండటం మొదలుపెట్టింది. నల్ల వోల్టా ఏటి అవతలినించి లారీలు వస్తాయి, వాళ్ళకు పోస్తాను, మీవాళ్ళు మీకే ఉంటారు, అంది. ఉండలేదు. వాళ్ళవాళ్ళూ ఇక్కడికే వచ్చారు. ఎందుకొచ్చారంటే బాయువో వల్ల.

బాయువో గీల్ వాయించేవాడు. కొయ్య పలకలు, ఒక్కో పలక కింద ఒక్కో సొరబుర్ర, బుర్రకు చిల్లు, చిల్లు మీద సాలెపురుగు గుడ్డు పొర అంటించి ఉంటుంది, కొడితే పలక పాడుతుంది, పొర గుయ్యిమంటుంది. చావు దగ్గరైనా పెళ్ళి దగ్గరైనా అతను వాయిస్తే పక్కూళ్ళనించి మనుషులు నడిచొచ్చేవాళ్ళు. అతన్ని ఇక్కడ కూర్చోబెట్టాలన్న ఆలోచన బిబియానాదే. రాజధాని ఆమె చెప్పిన కారణం ఇదే అనుకుంది, రేడియోలో చెప్పించేకన్నా ఇదే గొప్ప ప్రకటన అనుకుంది. సంతరోజంతా వాయించు బావా, నీకేం కావాలి, అంటే, "నాకేం కావాలే పిచ్చిదానా, పలక ఆగినప్పుడల్లా బుర్ర నిండుండాలి, అంతే," అన్నాడు. అంతే బేరం. అతనికి ఎంత కావాలంటే అంత. పలక ఆగినప్పుడల్లా బుర్ర నిండింది. ఈ పందిట్లో అతనికన్నా ఎక్కువ తాగినవాడు లేడు, తాగాలనే తను కోరుకుంది, తాగితేనే బాగా వాయించేవాడు. బోర్డు రాయించినప్పుడు కింద నిలబడి చదివించుకుని విన్నాడు, చదువు రాదు. "తాగినవాడు మళ్ళీ వస్తాడా? అసలు వెళ్తేగా, మళ్ళీ రావడానికి!" అని దుంగ మీద చతికిలబడి నవ్వాడు. ఆ నవ్వు. పై పళ్ళలో ఒకటి లేదు, సందులోంచి గాలి వచ్చేది.

నోట్లో ఉమ్ము ఊరుతోంది. మింగింది. మళ్ళీ ఊరింది. పోయిన వారం బాయువోకు కూడా నోట్లో ఉమ్ము ఆగలేదట, ఆపలేక దిండంతా తడిసిపోయిందట, అతని పెళ్ళాం తెక్లా చెప్పింది. ఇది అదేనా? నిమ్మకాయ తలుచుకున్నా ఊరుతుంది, ఉమ్ము గురించి తలుచుకున్నా ఊరుతుంది. తలుచుకోకూడదు. ఉమ్మేస్తే చూస్తారు. మింగితే గొంతు కదులుతుంది, అదీ చూస్తారు. "ఏం అక్కా, చెమట పడుతోందే!" అంది ముందు దుంగ మీంచి పోలినా. వంతు పోగొట్టుకున్నవాళ్ళలో పోలినా మొదటిది, ఇవాళ శుభ్రమైన గుడ్డ కట్టుకుని మరీ వచ్చి ముందు వరసలో కూర్చుంది. "నీకు పట్టట్లేదా? నీ నెత్తి మీద వేరే సూర్యుడున్నాడా?" అంది బిబియానా. గొంతు మామూలుగానే వచ్చింది. కొందరు నవ్వారు. నవ్వితే ప్రాణం లేచొచ్చింది. "నాకెందుకు పడుతుందే, నేను నా కుండలో వండుకుంటాను, నేనే తాగుతాను. తాగేవాళ్ళని నువ్వెలాగూ మిగల్చలేదుగా!" పోలినా అంత గట్టిగా అన్నాక తను కూడా నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయింది. అన్నమాట వెనక్కి తిరిగి ఎక్కడ తగిలిందో ఆమెకూ తెలిసినట్టుంది.

తెక్లా కూడా ఉంది. వెనకగా, ఆడవాళ్ళలో, విధవ కట్టుకునే తాడు నడుముకు చుట్టుకుని. బిబియానా ఆ వైపు చూడలేదు, చూడకుండానే ఆమె ఎక్కడుందో తెలుసు. చావు నాడు బాయువోను ఎత్తయిన కొయ్య పీఠం మీద కూర్చోబెట్టారు, మంచి గుడ్డలు కట్టి, తలకు పాగా చుట్టి. కింద అతని గీల్‌ను అతని తమ్ముడు వాయించాడు, కానీ అది వేరే వాద్యంలా మోగింది. ఎవరివల్ల పోయావు అని పెద్దలు ఆనవాయితీగా శవాన్ని అడిగారు. అడవిలో కొయ్య నరికేటప్పుడు అడగకుండా ఒక చెట్టు నరికాడనీ, దాని కోపమనీ ఆ పెద్దల నోటే జవాబొచ్చింది. అందరూ తలలూపారు. బిబియానా కూడా ఊపింది, అందరికన్నా ముందు ఊపింది. ఆ ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ మెడ నొప్పెడుతుంది. ఆ సంతరోజు తాగినవాళ్ళలో ఇంకొందరికి తలనొప్పి వచ్చింది, కొందరికి విరేచనాలయ్యాయి. ఎండ దెబ్బ అన్నారు, సంతలో ముసలి మేకను కోశారు అన్నారు. బాయువోకు ముందే కడుపులో పుండుంది. ఇన్ని కారణాలున్నప్పుడు ఇంకొకటి ఎందుకు? తెక్లా ఏడ్చి ఏడ్చి గొంతుపోయి, వచ్చి తన చెయ్యి పట్టుకుంది. "వాళ్ళ మాటలు పట్టించుకోకు చెల్లీ. నీ కల్లు తాగే ఇన్నాళ్ళు బతికాడు," అంది. ఆ చెయ్యి వేడిగా, పొడిగా ఉంది. దాన్ని విడిపించుకోవడానికి దగ్గు వచ్చినట్టు నటించింది.

తొలి గుక్క ఎప్పుడు మానేసింది? ఫలానా రోజని చెప్పలేం. కాగులు ఎక్కువయ్యాయి, పోయడానికి ఆడపిల్లల్ని పెట్టుకుంది, సొరబుర్రలు చాలక ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. లారీవాళ్ళకు ఆగే తీరికుండదు, వాళ్ళకీ మర్యాద తెలియదు, పోస్తే తాగి పోతారు. ప్రతి కాగుకూ తను మూతి పెడితే మధ్యాహ్నానికి తనే తూలుతుంది. మొదట పొద్దున్న కాగుకు మాత్రం తాగేది, తర్వాత పెదవులు తడిపేది, తర్వాత అదీ లేదు. ఎవరూ అడగలేదు. బాయువో ఒక్కడే అడిగేవాడు. నింపిన బుర్ర తాగకుండా తిరిగి తన ముందుకు చాపి, "నీ మూతి తగలందే నాకు ఎక్కదే," అనేవాడు, అందరూ గోలచేసేవాళ్ళు, తను తిట్టి ఒక గుక్క తాగి ఇచ్చేది. పోయిన సంతనాడు కూడా చాపాడు. రెండు లారీల నిండా జనం దిగారు, గ్లాసులు చాలట్లేదు, పోసే పిల్ల ఒకతి రాలేదు. చాపిన బుర్రను చేత్తో పక్కకు నెట్టి, "నువ్వు తాగు బావా, నాకవతల పనుంది," అంది. అతను ఒక్క క్షణం బుర్రను అలాగే పట్టుకున్నాడు. తర్వాత తాగాడు. ఆ ఒక్క క్షణం. అది చేప ముల్లులా ఇక్కడ, రొమ్ము వెనకాల, ఎంత మింగినా దిగడం లేదు.

నీడ సగం దూరం వచ్చింది. వేళ్ళు కదిపి చూసుకుంది, కాళ్ళ వేళ్ళు కూడా. కదులుతున్నాయి. చూపు మసకేసిందా? తాత గడ్డం వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయి. పందిరి వెనకాల గోనెపట్టా కప్పి నిలబెట్టిన నీలం డ్రమ్ము మాత్రం ఇక్కణ్ణించి కనబడదు, అయినా అదొక్కటే కనబడుతోంది. సరిహద్దు సంతలో కొంది దాన్ని. మట్టి కాగులు పొయ్యి మీంచి దించగానే పగులుతున్నాయి, కాగు పగిలితే మరిగిన కల్లంతా బూడిదలో పోతుంది. డ్రమ్ము పగలదు, నాలుగు కాగులంత పడుతుంది, చల్లార్చి పులియబెట్టడానికి అంతకన్నా ఏం కావాలి. ఇందులో ఏముండేది, అనడిగింది. సబ్బు నీళ్ళు, అన్నాడు అమ్మినవాడు. డ్రమ్ము పొట్ట మీద పెద్ద కాగితం అంటించిన గుర్తు ఉంది, జిగురు మరకలు, వాటి చుట్టూ కత్తితో గీరిన గీతలు. ఎవరో కూర్చుని ఓపిగ్గా గీరారు. సబ్బు కాగితాన్ని ఎవరైనా అంత ఓపిగ్గా గీరుతారా? ఆ ప్రశ్న అప్పుడే వచ్చింది, అక్కడే, సంతలో, బేరం చేస్తూండగానే. వచ్చింది, దాన్ని పక్కకు నెట్టింది, బాయువో బుర్రను నెట్టినట్టే. ఇంటికి తెచ్చి బూడిదతో తోమింది, ఇసకతో తోమింది, మరిగే నీళ్ళు పోసి పారబోసింది. వాసన పోయింది. ఎండ మీదికొచ్చినప్పుడు మూత తీస్తే మళ్ళీ వచ్చేది, పత్తి చేలల్లో గడ్డి మందు కొట్టిన రోజు గాలికి వస్తుందే, అలాంటిది. పొద్దున పూట ఉండేది కాదు. అందుకని పొద్దున పూటే మూత తీసేది.

ఇవాళ్టి కల్లు కూడా అందులోదే. ఆ సంగతి ఇక్కడ కూర్చున్నవాళ్ళెవరికీ తెలియదు. ముందు తను తాగి చూపించాలని తాత మనిషితో చెప్పి పంపినప్పుడు, ఇంట్లో అత్త నాటి మట్టి కాగు ఒకటి మిగిలే ఉంది. అందులో వండి తెచ్చి, అందరి ముందూ తాగి, బోర్లించి చూపిస్తే ఊరు ఊరుకునేది, రేపు మళ్ళీ లారీలు ఆగేవి. కాగును కడిగింది కూడా. కడిగి, బోర్లించి, దాని ముందు చాలాసేపు నిలబడింది. ఊరైతే ఊరుకుంటుంది. తర్వాత మరిగిన కల్లును తీసుకెళ్ళి డ్రమ్ములో పోసింది, చల్లారాక తాడు దింపింది. పొద్దున దాన్నే తోడి ఈ కాగులో నింపి పందిట్లోకి తెచ్చింది. డ్రమ్ము మంచిదైతే నాకేం కాదు, నాకేం కాకపోతే నేను చంపలేదు. చెడ్డదైతే ఇంకొకరికి పోసే అవసరం రాదు. చాలా సూటిగా అనిపించింది అప్పుడు. కానీ డ్రమ్ములో మిగిలిన మడ్డిని పందికి వేయలేదు. ప్రతిసారీ వేసేదే, పంది వాసన పట్టి దొడ్లో గింగిరాలు తిరుగుతూనే ఉంది. దాన్ని కాలితో తోసి, పార తీసుకుని, పెరట్లో గొయ్యి తవ్వి పూడ్చింది. చేతులు చేశాయి. ఎందుకని చేతుల్ని అడగలేదు.

రాయికి ఇంక జానెడు దూరం. ఏమీ కాలేదు. ఉమ్ము ఊరడం ఆగింది, చెమట ఆరింది, పొట్టలో కల్లు మామూలు కల్లులా వెచ్చబడి కణతల్లోకి ఎక్కుతోంది. ఏమీ కాలేదు! దుంగల మీద మనుషులు వదులయ్యారు, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు, బోర్లించిన బుర్రలు ఒకటీ అరా నిటారుగా తిరిగాయి. ఎవరో తన వైపు చూసి నవ్వారు కూడా. అయితే చెట్టు కోపమే. పుండే. ముసలి మేకే. లోపల ఏదో తలుపు తెరుచుకున్నట్టయి, ఆలోచనలు మేకపిల్లల్లా బయటికి దూకాయి. లారీలు ఆగేచోట ఇంకో పందిరి వేయాలి, బోర్డు పెద్దది రాయించాలి, ఈసారి రెండువైపులా. ఇకమీద ప్రతి కాగుకూ తొలి గుక్క తనే తాగాలి, కాదు, దాన్నే బోర్డు మీద రాయించాలి, మీకన్నా ముందు నేను తాగుతాను అని. ఇంతకన్నా మంచి మాట ఏముంది, ఏ ఊళ్ళో ఏ కల్లు దుకాణానికుంది. గీల్ వాయించడానికి బాయువో తమ్ముణ్ణి అడగాలి. అతనికీ అదే బేరం, పలక ఆగినప్పుడల్లా...

పలక ఆగినప్పుడల్లా. అక్కడ ఆగింది బిబియానా. పొద్దుణ్ణించి పొద్దుగుంకేదాకా పలక ఆగినప్పుడల్లా. తను తాగింది ఒక్క బుర్ర. పోయిన సంతనాడు ఒకటీ రెండూ తాగినవాళ్ళకు కూడా ఏమీ కాలేదు, నాలుగైదు తాగినవాళ్ళకు తల నొప్పెట్టింది, అంతే. ఒక్క బుర్ర తాగి నీడ రాయిని తాకేదాకా కూర్చోవడం, ఇది తూకమా? ఇది ముందే తెలియదా తనకు? కల్లు వండేదానికి, ఒక బుర్రకూ ఒక రోజుకూ తేడా తెలియదా? తెలిసే, తాత గీత గీస్తుంటే నోరు మూసుకుని కూర్చుంది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. పొట్ట హాయిగా ఉంది. ఆ హాయిని చూస్తే భయం వేసింది.

"తాకింది," అన్నాడు జియెమ్ తాత. నీడ రాయి అంచు ఎక్కింది. దుంగలు కిరకిరలాడాయి, మనుషులు లేచారు, బుర్రలు ముందుకు వచ్చాయి, కుర్రాడెవడో ఈల వేశాడు. పోలినా కూడా ముఖం ఓ పక్కకు పెట్టుకుని బుర్ర చాపింది, "సరేలే, పొయ్, దిక్కులు చూస్తావేంటి," అంది. బిబియానా గరిటె బుర్ర కాగులో ముంచింది కానీ ఎత్తలేదు. "ఆగండి, ముందు నేను," అంటూ జనాన్ని తోసుకుని తెక్లా వచ్చింది. నడుము తాడు సర్దుకుని ఆమె పక్కనే, పీటకు ఆనుకుని, నేలమీద మోకాళ్ళేసి కూర్చుంది. షియా గింజల నూనె వాసన, ఏడుపు ఆరిన వాసన. "నువ్వూ నేనూ ఒకే మూతితో తాగుదాం చెల్లీ," అంది, అందరికీ వినబడేలా. "ఆయన పెళ్ళాన్ని నేనే తాగాక, ఇంకెవడు నోరెత్తుతాడో చూస్తాను." జనం హోయ్ అన్నారు. ఇద్దరు ఒకే బుర్రకు ఒకేసారి పెదవులు పెట్టి తాగితే వాళ్ళ మధ్య ఏమీ లేనట్టే, ఆ తర్వాత ఆ సంగతి ఎత్తినవాడికి ఈ ఊళ్ళో మర్యాద ఉండదు. ఇంతకన్నా తనకు ఇంకేం కావాలి. తెక్లా చేతులు కాగులోంచి బుర్రను ఎత్తి అటువైపు పట్టాయి, తన చేతులు ఇటువైపు ఉన్నాయి. చెంపకు చెంప తగిలింది. నురగ తెక్లా పెదవి దాకా వచ్చింది, ఆమె కళ్ళు మూసుకుంది, గొంతు తెరుచుకుంది.

బిబియానా తన వైపు వంచేసింది. కల్లంతా మోకాళ్ళ మీదుగా, పీట మీదుగా జారి మట్టిలో పడింది. "అయ్యో, చెయ్యి జారింది పాపం," అంది తెక్లా నవ్వుతూ, మూతి తుడుచుకుంటూ, "వణుకుతోంది చూడండి, పొద్దుణ్ణించి మీరు దాన్ని చంపుకుతిన్నారు." కొందరు సిగ్గుపడ్డారు. ఇంకొకటి ముంచు అన్నారు. దుమ్ములో నురగ బుడగలు ఒక్కొక్కటీ పేలుతున్నాయి. అప్పుడు పందిరి గుంజ వెనకనించి గినీ కోడి ఒకటి, చుక్కల రెక్కలు ముడుచుకుని, తడి చూసి మెడ సాచి చకచకా వచ్చింది, దాని వెనకాల ఇంకో రెండు. ప్రతి సంతరోజూ ఒలికిన కల్లు తాగే కోళ్ళే, వాటినెవరూ ఎప్పుడూ అదిలించలేదు. మొదటిది ముక్కు వంచింది.

బిబియానా అరిచింది. ఏం అరిచిందో ఆమెకే తెలియదు. కాలి చెప్పు ఊడదీసి దాని మీదికి విసిరింది. కోళ్ళు గోలగోలగా చెదిరిపోయాయి, ఒకటి మళ్ళీ వెనక్కి తిరిగింది, తను లేచి దాని మీదికి పరిగెత్తి, తడి మీదే నిలబడి, ఒట్టి కాలితో మట్టి తోసి తోసి ఆ తడిని కప్పింది. కప్పుతూ, ఎందుకో తలెత్తింది. చాపిన బుర్రలు చాపినచోటే ఉన్నాయి. పోలినా నోరు తెరిచే ఉంది. తాత గీత వైపు చూస్తున్నాడు, నీడ దాన్ని ఎప్పుడో దాటిపోయింది.

తెక్లా మోకాళ్ళ మీదే ఉంది. చెప్పు పడినచోటు చూసింది, కోళ్ళను చూసింది, బిబియానా కాళ్ళ కింద మట్టిని చూసింది. మూతి తుడుచుకున్న చెయ్యిని చూసుకుంది, కట్టుగుడ్డకు మెల్లగా రాసుకుంది. తర్వాత లేచి, వెళ్ళి, ఆ చెప్పు తీసుకుని, దుమ్ము దులిపి, తెచ్చి ఆమె ఒట్టి కాలి ముందు పెట్టింది.

"వేసుకో," అంది. "కాలికి అంటుకుంటుంది."